"గోల్కొండ" అని రాసి ఉంది, గోల్కొండలో మాత్రం ఎవరూ లేరు. నాటాల్ వచ్చిన తాతగారి ఊరు వెతకడం ఎలా?

డర్బన్_కోడలు
మా అత్తగారికి ఇప్పుడు 81వ ఏడు. పుట్టడం, పెరగడం, పిల్లల్ని కనడం అంతా డర్బన్‌లోనే. తెలుగు చదవలేరు, మాట్లాడగలరు. ఇంట్లో ఆ మాటలకు తెలుగులో బదులు చెప్పేదాన్ని ఇప్పుడు నేనొక్కదాన్నే. ఆవిడ కోరిక ఒకటే. తన తాతగారు ఏ ఊరి మనిషో తెలియాలి.

తాతగారు 1898లో మద్రాసులో ఉమ్లాజీ ఓడ ఎక్కి ఒప్పంద కూలీగా దక్షిణాఫ్రికాలోని నాటాల్ వచ్చారు. అప్పటికి ఇరవై ఏళ్లు. ఓడ జాబితాలో ఆయన పేరు దొరికింది. తాలూకా అన్నచోట "గోల్కొండ" అని ఉంది. ఇంకేం కావాలి అనుకున్నాం. రెండుసార్లు హైదరాబాదు వెళ్లి కోట చుట్టుపక్కల గుళ్లలో, పాత ఇళ్లలో అడిగాం. ఆ ఇంటిపేరు విన్నవారే లేరు. చివరికి వంశచరిత్ర తయారుచేసి ఇస్తామన్న ఒక సంస్థకు డబ్బు కట్టాం. వాళ్లు మా వంశాన్ని తీసుకెళ్లి కుతుబ్‌షాహీల కొలువుకు ముడిపెట్టి, రంగుల కాగితం మీద అచ్చువేసి ఇచ్చారు. ఒక్క ఆధారం లేదు. అత్తగారు దాన్ని చూసి "కొలువులో ఉన్నవాడు చెరుకు నరకడానికి ఎందుకొస్తాడమ్మా" అన్నారు. ఆ మాట నన్ను నిద్రపోనివ్వడం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.

పాతకాగితాలు
మీ అత్తగారు ఆ సంస్థ కంటే మంచి పరిశోధకురాలు.

ముందు ఒక ప్రశ్న. మీ దగ్గరున్నది టైపు జాబితానా, చేతిరాత రిజిస్టరు నకలా? టైపు జాబితా అంటే ఎవరో చేతిరాతను చూసి తమకు కనబడినట్టు కొట్టినది. అందులో పేరు తప్పితే ఊరు తప్పుతుంది, ఊరు తప్పితే మనిషే తప్పిపోతాడు.

నాటాల్ వారికి ఒక అదృష్టం ఉంది, అది నంబరు. 1860 నవంబరు 16న ట్రూరో ఓడలో దిగిన 342 మందితో మొదలుపెట్టి, 1911లో వలస ఆగేదాకా వచ్చిన 1,52,184 మందికీ వరుస నంబర్లు వేశారు. ఆ తర్వాత తోట యజమాని పుస్తకంలోనైనా, పెళ్లి నమోదులోనైనా, పిల్లల పుట్టుకలోనైనా ఆ నంబరు వెంట వస్తుంది. పేరు పది రకాలుగా మారుతుంది. నంబరు మారదు. నంబరు పట్టుకోండి.

డర్బన్_కోడలు
టైపు జాబితానే. నంబరు ఉంది. జిల్లా గడి ఖాళీగా ఉంది. ఊరి గడిలో ఏవో ఆరేడు అక్షరాలు, పక్కన ప్రశ్నార్థకం.

హైదరాబాదీ_79
తాలూకా గోల్కొండ అని స్పష్టంగా ఉన్నప్పుడు ఇంకా సందేహం ఎందుకు? 130 ఏళ్లలో ఆ కుటుంబం వేరే ఊరికి తరలిపోయి ఉండవచ్చు. రెండు పర్యటనలకే నిరాశపడకండి.

తాలూకా_పటం
హైదరాబాదీ గారూ, నాకు ఇది మింగుడు పడటం లేదు. గోల్కొండ కోట నిజాం రాజ్యంలోది. ఓడ ఎక్కింది మద్రాసులో. నిజాం రాజ్యం నుంచి ఎవరూ రాలేదని నేను అనను. కానీ ఈ జాబితాల్లో తెలుగువారిలో ఎక్కువమంది విశాఖపట్నం, గంజాం, గోదావరి, ఉత్తర ఆర్కాటు వంటి మద్రాసు ప్రెసిడెన్సీ జిల్లాలవారే కనిపిస్తారు.

డర్బన్ గారూ, ఆయన పేరు, తండ్రి పేరు పూర్తిగా ఇక్కడ రాయకండి. ఏ అక్షరాలతో మొదలవుతాయో మాత్రం చెప్పండి.

డర్బన్_కోడలు
తండ్రి పేరు "అప్పల" అని మొదలవుతుంది. తాతగారి పేరు "సింహాద్రి". దాన్ని ఇంగ్లీషులో రాసిన తీరు చూస్తే అది సింహాద్రి అని పోల్చుకోవడానికి నాకే నెల రోజులు పట్టింది.

తాలూకా_పటం
అప్పల, సింహాద్రి! ఆ రెండు పేర్లూ సింహాచలం అప్పన్న చుట్టూ తిరిగేవి. అప్పలస్వామి, అప్పలనాయుడు, అప్పలనర్సమ్మ, సింహాచలం, సన్యాసి... ఇవి విశాఖ, విజయనగరం, శ్రీకాకుళం వైపు ఇంటింటా వినబడే పేర్లు. కోట గోడల దగ్గర వెతికితే ఎలా దొరుకుతారు?

ఇప్పుడు అసలు మాట. పాత విశాఖపట్నం జిల్లాలో ఒక తాలూకా పేరు గోల్గొండ. "కొండ" కాదు, "గొండ". దాని కేంద్రం నర్సీపట్నం. 1907లో అచ్చయిన విశాఖపట్నం జిల్లా గెజిటీరులో సర్వసిద్ధి, అనకాపల్లి తాలూకాల సరసన ఇదీ ఉంటుంది. ఊరు ఇప్పటికీ ఉంది. తెలుగులో మనం గొలుగొండ అంటాం. 2022 నుంచి అనకాపల్లి జిల్లాలో మండలం.

హైదరాబాదీ_79
ఊహ బాగుంది. కానీ ఒక అక్షరం మీద వంశాన్ని నిలబెట్టడం ఎంతవరకు సబబు? ఇంగ్లీషులో "సి" అక్షరం ఉన్నచోట "జి" ఉందని మీరు అనుకుంటున్నారు.

తాలూకా_పటం
సరైన అడ్డుప్రశ్న. అందుకే చేతిరాత చూడాలి. పాత గుమాస్తాల రాతలో చిన్న "జి" తోక చెరిగిపోతే "సి"లా కనబడుతుంది. టైపు కొట్టినవారికి గోల్గొండ తెలియదు, లోకమంతా తెలిసిన గోల్కొండ తెలుసు. చెయ్యి తెలిసినదానివైపే పోతుంది.

సువా_శ్రీ
మా ఫిజీ అనుభవం చెప్తాను, పనికిరావచ్చు. ఫిజీకి 1879లో లియోనిడాస్ ఓడతో మొదలై 1916 దాకా 60 వేలమందికి పైగా వచ్చారు. మొదట్లో అందరూ కలకత్తా నుంచే. మద్రాసు ఓడలు 1903 నుంచి. అందుకని ఫిజీ తెలుగువారు 1903కు ముందు సంవత్సరాల్లో వెతికి కాలం వృథా చేసుకోవద్దు. నేను చేసుకున్నాను, రెండేళ్లు.

ఇక్కడ ఒక్కొక్కరికీ ఒక వలస పత్రం ఉంటుంది. పేరు, తండ్రి పేరు, వయసు, ఎత్తు, ఒంటిమీద గుర్తు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, దగ్గరి బంధువు పేరు. మా ముత్తవ్వ పత్రంలో గుర్తు దగ్గర "ఎడమ మోచేతిపై కాలిన మచ్చ" అని ఉంది. మా అమ్మ ఆ వాక్యం చదివి చాలాసేపు మాట్లాడలేదు. ఫోటో లేదు, నగ లేదు, ఉత్తరం లేదు. ఆ మచ్చ ఒక్కటే మాకు ఆవిడ శరీరం. పొయ్యి దగ్గర కాలిందా, చిన్నప్పుడా, ఎవరు మందు రాశారు? అవేవీ ఎప్పటికీ తెలియవు. అయినా ఇప్పుడు ఆవిడ మా ఇంట్లో మనిషి.

డర్బన్ గారూ, మీ రిజిస్టరులో గుర్తుల గడి ఉంటే వదలకండి. అత్తగారికి అదే పెద్ద కానుక అవుతుంది.

కోరంగి_ఓడ
మారిషస్‌లో ఐతే ఇంకా మెరుగు. మోకా అనే ఊళ్లో ఉన్న మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో వలస రికార్డులున్నాయి, 1860ల తర్వాత వచ్చిన చాలామందికి ఫోటోలు కూడా. మా పెద్దాయన ముఖం మా తమ్ముడి ముఖమే. ఇక్కడ తెలుగువారిని "కోరింగి" అనేవారు, కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీద.

రంగం_మనవడు
బర్మాలోనూ అదే మాట, కోరంగీలు. మీ అందరి నంబర్లూ పత్రాలూ చూస్తే నాకు అసూయగా ఉంది. మా తాత "రంగం వెళ్లాడు" అంతే. రంగం అంటే రంగూన్ అని తెలియనివారి కోసం చెప్తున్నాను. కాకినాడలోనో, విశాఖలోనో, భీమిలిలోనో, కళింగపట్నంలోనో టిక్కెట్టు కొనుక్కుని ఓడ ఎక్కడమే. మేస్త్రీ చేతిలో అప్పు, అంతే ఒప్పందం. ఐదేళ్ల గిర్మిట్ (కూలీ ఒప్పందం) పత్రాలు, ఒంటి గుర్తులు రాసుకునే గుమాస్తాలు ఈ దారిలో లేరు.

అందుకని మాకు పత్రికలే దిక్కు. 1930 మే 26న రంగూన్ రేవులో తెలుగు కూలీల మీద జరిగిన దాడుల గురించి వెతికితేనే మా కథకు తల దొరికింది. కూలి పెంచమని మనవాళ్లు సమ్మె చేశారు, వాళ్ల స్థానంలో బర్మావారిని పనిలో పెట్టుకున్నారు, రాజీ కుదిరి మనవాళ్లు తిరిగి పనికి వచ్చిన రోజున కొట్లాట రేగింది. మా నాయనమ్మ "కత్తుల ఏడు" అనేది. మేము అది యుద్ధం సంగతి అనుకున్నాం. కాదు. ఆవిడ చెప్పింది 1930 సంగతి. యుద్ధం వచ్చి 1942లో బర్మా నుంచి నడిచి వచ్చింది వేరే కథ. ఇంట్లో రెండూ కలిసిపోయి ఒకటే భయంగా మిగిలాయి.

పాతకాగితాలు
ఇది చాలా ముఖ్యమైన మాట. ఇంటి కథల్లో సంవత్సరాలు కలిసిపోతాయి. మనుషులు అబద్ధం చెప్పరు, కాలం కలిపేస్తుంది. పత్రిక చేసేది ఆ ముడి విప్పడం.

లైబ్రరీ_మూల
పత్రికల విషయం వచ్చింది కనుక. తెలుగులో కృష్ణాపత్రిక 1902 నుంచి, ఆంధ్రపత్రిక 1908లో బొంబాయిలో వారపత్రికగా మొదలై 1914 నుంచి మద్రాసులో దినపత్రిక. పాత సంచికలు చాలావరకు ప్రెస్ అకాడమీ వారు స్కాన్ చేయించారు. కానీ అవి బొమ్మలు. మాట కొట్టి వెతకడం కుదరదు, ఒక్కో పేజీ కళ్లతో చదవాలి. అందుకని తేదీ దగ్గరకు తెచ్చుకున్నాకే వాటి జోలికి వెళ్లండి.

నాటాల్ వారికి 1903లో డర్బన్‌లో మొదలైన ఇండియన్ ఒపీనియన్ ఉంది. తొలి మూడేళ్లు ఇంగ్లీషు, గుజరాతీలతో పాటు తమిళం, హిందీ కూడా ఉండేవి. తెలుగు లేదు. సింగపూర్ జాతీయ గ్రంథాలయం పాత పత్రికలు, ఆస్ట్రేలియా వారి ట్రోవ్, న్యూజిలాండ్ వారి పేపర్స్ పాస్ట్, ఈ మూడూ ఉచితం, మాటతో వెతకవచ్చు. మనిషి పేరుతో వెతక్కండి, దొరకదు. కూలీ పేరు ఎవరూ అచ్చువేయలేదు, కోర్టుకు వెళ్తే తప్ప. ఓడ పేరుతో వెతకండి, తోట పేరుతో వెతకండి, తోట దొర పేరుతో వెతకండి.

పెరాక్_తోట
"కోర్టుకు వెళ్తే తప్ప." నిజం. మలయాలో మా ముత్తాత పేరు దొరికిన ఒకే ఒక్కచోటు ఒక చిన్న వార్త, పని మానినందుకు జుల్మానా. నాలుగు పంక్తులు. మా నాన్న దాన్ని ఫ్రేము కట్టించి గోడకు పెట్టాడు. చుట్టాలు సిగ్గుచేటన్నారు. ఆయన "నా తాత ఆ రోజు పని చేయనన్నాడు, అది నాకు గర్వం" అన్నాడు.

సువా_శ్రీ
మీ నాన్నగారికి నా నమస్కారం చెప్పండి.

ఆర్కాటు_వెంకట్
ఒక హెచ్చరిక. కులం గడిని నమ్మకండి. ఎక్కేముందు ఏది చెప్తే పని దొరుకుతుందో అదే చెప్పేవారు. గుమాస్తా తనకు తెలిసిన మాట రాసుకునేవాడు. పాత మద్రాసు కాగితాల్లో తెలుగు అనడానికి "జెంటూ" అనే మాట వాడేవారు. మా బంధువులు కొందరు అది కులం పేరనుకుని ఏళ్ల తరబడి వెతికారు.

కోరంగి_ఓడ
పూర్తిగా ఒప్పుకోను. కులం గడి తప్పయినా, ఊరితో కలిపి చదివితే ఒక దారి చూపిస్తుంది. ఏ గడినీ ఒంటరిగా నమ్మవద్దు అనండి, బాగుంటుంది.

ఆర్కాటు_వెంకట్
సరే, అలాగే అంటాను. ఇంకోటి. వీళ్లందరినీ మోసం చేసి ఎక్కించారనే కథ ప్రతి ఇంట్లో ఉంటుంది. మా ఇంట్లోనూ ఉంది, "జాతర చూపిస్తామని తీసుకెళ్లారు" అని. కొందరి విషయంలో నిజమే. కానీ 1876-78 కరువులో మద్రాసు ప్రెసిడెన్సీలో లక్షలమంది పోయారు. 1896-97లో ఉత్తరకోస్తాకూ కరువు తగిలింది. 1898లో ఓడ ఎక్కిన మనిషికి ఎవరో అబద్ధం చెప్పక్కర్లేదు, ఖాళీ గాదె చాలు.

రంగం_మనవడు
గాదె ఖాళీ అయినవాడికే అబద్ధం సులువుగా చెప్పగలరు కదా. రెండూ ఒకదానికొకటి అడ్డు కాదు.

ఆర్కాటు_వెంకట్
ఇది నేను ఆలోచించలేదు.

కొత్తసభ్యుడు_12
జన్యు పరీక్ష చేయించుకుంటే ఒక్క దెబ్బకు తేలిపోతుంది కదా?

పాతకాగితాలు
బంధువులు తేలవచ్చు, అదీ వాళ్లూ పరీక్ష చేయించుకుని ఉంటేనే. ఊరు తేలదు. నర్సీపట్నం పక్క పల్లెలో ఉన్న మూడో తరం పిన్నమ్మ పరీక్షకు ఉమ్మి పంపి ఉంటుందా?

లైబ్రరీ_మూల
డర్బన్ గారికి ఇంకో దారి. తాతగారు దక్షిణాఫ్రికాలోనే పోయి ఉంటే, ఆస్తి ఎంత కొంచెమైనా సరే, ఎస్టేటు ఫైలులో మరణ ప్రకటన ఉండే అవకాశం ఉంది. అందులో పుట్టిన చోటు, తల్లిదండ్రుల పేర్లు, పిల్లల పేర్లు అడుగుతారు. చెప్పింది కొడుకో కూతురో కనుక ఊరి పేరు వాళ్ల నోట పలికినట్టు ఉంటుంది. నాటాల్ మరణాలు, ఎస్టేటు ఫైళ్లు చాలావరకు ఫ్యామిలీసెర్చ్ అనే వంశచరిత్రల వెబ్‌సైటులో ఉన్నాయి. ఓడ జాబితాల కోసం క్వాజులు-నాటాల్ విశ్వవిద్యాలయం వెస్ట్‌విల్ ప్రాంగణంలోని గాంధీ-లుతులి డాక్యుమెంటేషన్ సెంటర్ మీకు ఊళ్లోనే ఉంది.

తాలూకా_పటం
వెతికేటప్పుడు అందరూ గుర్తుంచుకోవలసింది. కాగితంలో ఉన్న జిల్లా ఆనాటి జిల్లా. గుంటూరు జిల్లా 1904లో, చిత్తూరు 1911లో, పశ్చిమ గోదావరి 1925లో, శ్రీకాకుళం 1950లో ఏర్పడ్డాయి. అంతకుముందు వెళ్లినవారి కాగితంలో ఆ జిల్లాలు ఉండవు. చికాకోల్ అంటే శ్రీకాకుళం, కోకనాడ అంటే కాకినాడ, ఎల్లూరు అని ఉంటే ఏలూరు, మసూలిపటం అంటే మచిలీపట్నం. ఇవి పైకి చదవండి, కంటితో కాదు. దొర చెవికి ఎలా వినబడిందో అలా రాశాడు.

డర్బన్_కోడలు
పదిహేను రోజులుగా జవాబు ఇవ్వలేదు, క్షమించండి. చేతిరాత రిజిస్టరు చూశాను. నంబరు చెప్పగానే ఆ పేజీ దొరికింది.

జిల్లా గడి ఖాళీ కాదు. పైవరుసలో ఉన్న మనిషికి "వైజాగపటం" అని రాసి, కిందివాళ్లందరికీ "పైదే" అని రెండు చుక్కలు పెట్టారు. టైపు చేసినవారు చుక్కల్ని వదిలేశారు. తాలూకా గడిలో అది "జి". తోక చాలా సన్నగా ఉంది, కానీ ఉంది. నేను మా అబ్బాయికి ఏమీ చెప్పకుండా చూపిస్తే వాడూ "జి" అన్నాడు.

గుర్తుల గడిలో "కుడి కనుబొమ మీద మచ్చ" అని ఉంది. సువా_శ్రీ గారూ, మీకు ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. అత్తగారు అది విని తన కుడి కనుబొమ తడుముకున్నారు.

తాలూకా_పటం
పైదే అన్న చుక్కలు! దాన్ని వదిలేస్తారని నాకు తట్టనే లేదు. ఇక నుంచి అందరికీ చెప్తాను, పైవరుస కూడా చదవమని.

హైదరాబాదీ_79
నేను పొరబడ్డాను. సంతోషంగా ఒప్పుకుంటున్నాను.

సువా_శ్రీ
కనుబొమ తడుముకున్నారా... నేనిక్కడ కూర్చుని ఏడుస్తున్నాను.

డర్బన్_కోడలు
ఇంకొకటి మిగిలింది, అది చెప్పకపోతే మీకు నా రుణం తీరదు. రాత్రి ఇంటికి వచ్చి అత్తగారికి "అమ్మా, అది గోల్కొండ కాదట, గొలుగొండ అట" అన్నాను. ఆవిడ నావైపు చూసి, "నేను చెప్పేది అదేగా. గొలుగొండ. మా నాన్న అలాగే అనేవాడు. మీ ఆయనే చిన్నప్పుడు బడిలో పటం చూసి వచ్చి, అమ్మా నువ్వు తప్పుగా పలుకుతున్నావు, అది గోల్కొండ అన్నాడు. చదువుకున్నవాడు కదా అని ఊరుకున్నాను" అన్నారు.

యాభై ఏళ్లు ఊరుకున్నారు. మేము రెండు విమానాలెక్కాం, డబ్బు కట్టాం, ఒక్కసారి కూడా ఆవిడను "మీరు ఎలా పలుకుతారు" అని అడగలేదు. మా ఆయన ఆ మాట విన్నప్పటినుంచి అమ్మ పక్కనే కూర్చుని ఉన్నారు. ఆవిడ పలికే ప్రతి మాటా ఫోనులో రికార్డు చేస్తున్నారు.

రంగం_మనవడు
మా నాయనమ్మ "కత్తుల ఏడు" అన్నప్పుడు నేనూ సరిదిద్దాను. ఇప్పుడు ఆవిడ లేదు. మీరు అదృష్టవంతులు, అడగండి, అన్నీ అడగండి.

నర్సీపట్నం_రోడ్డు
చాలా రోజులుగా చదువుతున్నాను, ఈరోజు రాయకుండా ఉండలేకపోయాను. మాది గొలుగొండ పక్కనే. మీ అత్తగారికి చెప్పండి, అల్లూరి సీతారామరాజు సమాధి ఉన్న కృష్ణదేవిపేట మా మండలంలోదే. సింహాద్రి, అప్పలస్వామి పేర్లు ఇప్పటికీ ప్రతి వీధిలో ఉన్నాయి. ఊరి గడిలోని అక్షరాల ఫోటో పంపగలరా? గొలుగొండ తాలూకా అంటే ఆనాడు నర్సీపట్నం చుట్టుపక్కల చాలా పల్లెలు. ఇంకా తేలవలసింది అదే.

డర్బన్_కోడలు
ఫోటో పెట్టాను. చివర "పాలెం" అని నాకనిపిస్తోంది, ముందు అక్షరాలు సిరా అలుక్కుపోయాయి.

నర్సీపట్నం_రోడ్డు
పాలెమే. అయితే మా వైపు పాలేలు చాలా ఉన్నాయి. మొదటి అక్షరం "ఎం" అయితే ఒక దారి, "ఎన్" అయితే ఇంకో దారి. ఆదివారం నాన్నగారిని తీసుకుని బండి మీద రెండు వైపులా వెళ్లి వస్తాను. ఆ ఇంటిపేరు అడుగుతాను. మీ అత్తగారు గొలుగొండ అని పలికిన రికార్డు ఉంటే పంపండి, అక్కడి పెద్దవాళ్లకు వినిపిస్తాను.

డర్బన్_కోడలు
పంపాను. పదకొండు సెకన్లు ఉంది. మొదట నవ్వుతారు, తర్వాత చెప్తారు.